సంఖ్య ఎవరి సొమ్ము?



ఛందస్సు, అలంకారాలు, శతక పద్యాలు వదిలి ఈ పెద్దాయన కంప్యూటరు ద్వారాల మీద పడ్డాడేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. ముప్పై యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పిన నాకు యంత్రాల లోగుట్టు తెలియదు. తెలిసిన కాస్తా చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదే. అయినా ఈ టపా యంత్రాల గురించి కాదు. పదిమందికీ చెందిన వస్తువును ఒక్కడు డబ్బిచ్చి కొనుక్కోవచ్చునా అన్న పాత ప్రశ్న గురించి. కొనుక్కోరాదని నా వాదం. కాదనేవారు చివరిదాకా చదివి కాదనండి.

కథ మిర్యాలగూడలో మొదలయింది. అక్కడ నా మేనల్లుడు బియ్యం వ్యాపారం చేస్తాడు. మొన్నటి దసరాకు కొత్త కారు కొన్నాడు. కారు కన్నా దాని సంఖ్య మీద వాడికి ఎక్కువ ధ్యాస. "మామా, నాలుగంకెలు కూడితే తొమ్మిది రావాలె. వేలంల పాడుత. ఎంతైనా సరే" అన్నాడు. నాలుగంకెలకు అంత సొమ్మా అని మందలించాను. వాడు తగ్గలేదు. "లోకంల ఏ మంచి నంబరు ఊకె వస్తుంది మామా? బండి నంబరు, ఫోను నంబరు, ఆఖరికి కంప్యూటర్ల నంబర్లు గూడ పైసలున్నోళ్ళకే" అన్నాడు.

పండుగ పలకరింపుకు వచ్చిన నా పాత విద్యార్థి ఒకడు అక్కడే ఉన్నాడు. కోదాడలో కంప్యూటర్ల దుకాణం నడుపుతాడు. మితభాషి. "అన్నా, ఒక్కటి మాత్రం పైసలకు రాదు. పోర్టు నంబరు. అడిగి తీసుకోవాలె, అంతే" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "సార్, దాన్ని గురించి మీరే ఒకసారి చదివి చూడండి. మీకు నచ్చుతుంది" అన్నాడు. శిష్యుడిచ్చిన ఇంటిపని ఇది. చేశాను. నిజంగానే నచ్చింది. నచ్చినకొద్దీ మన వేలాల మీద కోపం పెరిగింది.

ముందు పోర్టు అంటే ఏమిటో నాకర్థమైన రీతిలో చెబుతాను. సూర్యాపేట బస్టాండుకు రండి. ఊరికి బస్టాండు తెలిసిన చోటే ఉంది. కానీ హైదరాబాదు పోయేవారు ఒక ప్లాట్‌ఫారం ముందర, ఖమ్మం పోయేవారు మరొకదాని ముందర, మిర్యాలగూడ పోయేవారు ఇంకొకదాని ముందర నిలబడతారు. ఊరి పేరు బస్టాండు దాకా తీసుకువస్తుంది. ఆపైన ప్లాట్‌ఫారం సంఖ్య తెలియాలి. అంతర్జాలంలో ఒక యంత్రానికి ఐపీ చిరునామా ఊరి పేరు వంటిది. ఆ యంత్రంలో అనేక సేవలు నడుస్తుంటాయి. ఏ సేవ కావలసినవాడు ఏ ద్వారం తట్టాలో చెప్పేది పోర్టు సంఖ్య. వెబ్ పుటలకు 80, గుప్తంగా ప్రయాణించే వెబ్ పుటలకు 443, ఉత్తరాల బట్వాడాకు 25, పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే సేవకు 53.

మీరు ఒక బ్లాగు తెరిచేటప్పుడు 443 అని కొట్టరు. కొట్టవలసిన అవసరం లేకపోవడమే ఈ ఏర్పాటు చేసిన మేలు. అవతలి యంత్రం అమెరికాలో ఉన్నా, అమీరుపేటలో ఉన్నా ఆ సేవ ఆ ద్వారం దగ్గరే ఉంటుందని ఇరుపక్షాలకూ ముందే తెలుసు. ఒకరికొకరు ముఖపరిచయం లేని కోట్ల యంత్రాల మధ్య అంత నమ్మకం కుదిరిందంటే, ఎక్కడో ఎవరో ఒక పుస్తకంలో వరుసగా వ్రాసి పెట్టారన్నమాట.

ఆ సంఖ్యకు ఇచ్చిన చోటు 16 బిట్లు. కనుక 0 నుండి 65535 దాకా, మొత్తం 65536 సంఖ్యలు. లోకమంతటికీ అవే. వాటిని మూడు భాగాలు చేశారు. 0 నుండి 1023 దాకా వ్యవస్థా ద్వారాలు. అంతర్జాల ప్రమాణాలను నిర్ణయించే ఐఈటీఎఫ్ అనే సమాజం బహిరంగంగా చర్చించి గాని, దాని నిర్వాహక మండలి ఆమోదించి గాని ఇస్తే తప్ప రావు. 1024 నుండి 49151 దాకా నమోదు చేసుకొనే ద్వారాలు. వీటికి నిపుణుని పరిశీలన చాలు. 49152 నుండి చివరిదాకా ఉన్నవి ఎన్నటికీ ఎవరి పేరా వ్రాయరు. అది ఊరి బంచరాయి వంటిది. ఎవరి పశువునైనా మేపుకోవచ్చు. ఎవరూ కంచె వేయరాదు.

ఈ పుస్తకాన్ని తెరిచినవాడు జాన్ పోస్టెల్. 1972 మే నెలలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా, ఆర్‌ఎఫ్‌సీ 349 అనే చిన్న పత్రం వ్రాశాడు. ఎవరికి తోచిన సంఖ్య వారు వాడితే చిక్కులొస్తాయి, ఒకరెవరైనా కూర్చుని అధికారికంగా పంచిపెట్టాలి, ఆ పని నేను చేయనా అని అందులో అడిగాడు. సరేనన్నారు. 1998 అక్టోబరు 16న కన్నుమూసేదాకా ఆ లెక్క చూసిన మనిషి ఆయనే. అయానా అని మనం పిలిచే వ్యవస్థ చాలాకాలం ఆయన, ఆయన సహచరులైన కొద్దిమందీ. 1994 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1700 ఆ జాబితా అచ్చుపత్రంగా వెలువడిన చివరిసారి. తరువాత అది అంతర్జాలంలో ఎవరైనా తెరిచి చూడగల పట్టికగా మారింది. 2011 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6335 నేటికీ నడుస్తున్న నియమావళి.

ఇక ఆ పుస్తకంలో పేరెక్కే తీరు చూడండి. 1995లో ఫిన్లాండు దేశంలో టాటు యులోనెన్ అనే పరిశోధకుడు, దూరపు యంత్రంతో గుట్టుగా మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము వ్రాశాడు. అది భర్తీ చేయదలచిన పాత సేవలు ఎఫ్‌టీపీ 21లోనూ, టెల్నెట్ 23లోనూ ఉన్నాయి. నడుమ 22 ఖాళీ. ఈ సంఖ్య ఇప్పించగలరా అని ఒక ఈ-లేఖ వ్రాశాడు. పోస్టెల్ సహచరి జాయిస్ రేనాల్డ్స్ ఒక రోజు తిరిగేలోపల ఇచ్చేసింది. రుసుము లేదు. సిఫారసు లేదు. మీరెవరి తాలూకు అన్న ప్రశ్న లేదు. ఈనాడు ప్రపంచంలో యంత్రాలను దూరం నుండి నడిపే పని ఎంతో భాగం ఆ 22వ ద్వారం గుండా సాగుతోంది. అంత విలువైన సంఖ్య ఒక ఉత్తరానికి వచ్చింది.

ఇప్పుడు తీరు కొంత బిగిసింది. ఒక దరఖాస్తు నింపాలి. మీ సేవ ఏమిటి, ఇప్పటికే ఉన్న ద్వారంతో ఎందుకు సరిపెట్టుకోలేరు, బంచరాయిలోని సంఖ్య ఎందుకు చాలదు అన్నవాటికి సమాధానం చెప్పాలి. ఒక సేవకు ఒక్క సంఖ్యే ఇవ్వజూస్తారు. కూర్పుకొకటి, హంగుకొకటి అడిగితే ఇవ్వరు. ఇంతా చేసి ఇప్పటికీ పైసా పుచ్చుకోరు.

నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం వేరే ఉంది. ఒకరికిచ్చిన పోర్టు సంఖ్యను వారు మరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఇష్టపడినా వీల్లేదు. కారణం కూడా అక్కడే చెప్పారు: బదిలీకి ఒప్పుకుంటే దాని వెనుక డబ్బు చేతులు మారుతుంది, ఈ సంఖ్యల విలువ ఉమ్మడి వనరుగా జాగ్రత్తగా చూసుకోవడంలోనే ఉంది. అక్కరలేకపోతే తిరిగి పుస్తకానికే ఇచ్చేయాలి. దేవాలయపు మాన్యాన్ని అర్చకుడు అమ్మరాదనే ధర్మం మనం ఎరుగుదుము. సాగు చేసుకోవచ్చు, ఫలం అనుభవించవచ్చు, అమ్మరాదు. అదే ధర్మం అక్కడ కనబడింది.

ఆ నియమం లేకుంటే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. పక్కనే ఉన్న ఐపీ చిరునామాలను చూడండి. అవీ ఒకప్పుడు అడిగినవారికి ఊరకే ఇచ్చినవే. 2011 ఫిబ్రవరిలో పాత పద్ధతి చిరునామాల మూలనిధి అడుగంటింది. అదే ఏడు నార్టెల్ అనే దివాలా తీసిన సంస్థ నుండి మైక్రోసాఫ్టు 666,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొన్నది. ఉచితంగా వచ్చినది సరుకై కూర్చున్నది. ముందు వచ్చినవాడికి ఆస్తి, వెనుక వచ్చినవాడికి అప్పు. వెనుక వచ్చినవారిలో మన దేశమూ ఉంది.

ఇక నా వాదాన్ని కాదనేవారి మాటలు ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

మొదటి మాట కుర్ర ఇంజనీర్లది. "పుస్తకమెందుకండీ? కావలసిన సంఖ్య పెట్టుకుంటాం. కుదరకపోతే మార్చుకుంటాం." నాయనలారా, ఈ మాట మరెవరన్నా అనవచ్చు గాని తెలుగులో వ్రాసేవాడు అనరాదు. మన అనుభవం మరిచారా? యూనికోడు ఇంటింటికీ రాకముందు ప్రతి పత్రికకూ ఒక ఖతి, ప్రతి ఖతికీ ఒక సొంత లెక్క. ఒకరి లెక్కలో 'క' ఉన్న చోట మరొకరి లెక్కలో 'ఠ' వత్తు. ఆ పత్రిక ఖతి దించుకోకపోతే తెరమీద పిచ్చి గీతలు. ఒకచోటి వార్తను మరొకచోట అతికిస్తే అక్షరం మిగిలేది కాదు. ఆ గీతలను తిరిగి తెలుగు చేయడానికి 'పద్మ' వంటి ఉపకరణాలు పుట్టవలసి వచ్చింది. వెదికితే దొరకని తెలుగు, వ్రాసీ వ్రాయనట్టున్న తెలుగు మనం అనుభవించాము.

ఆ రోగానికి మందు ఏమిటి? ఒక నమోదు పుస్తకం. యూనికోడులో తెలుగుకు 3072 నుండి 3199 దాకా 128 గళ్ళు ఇచ్చారు. 'అ' 3077. ఒకసారి ఒక గడిలో కూర్చున్న అక్షరాన్ని మళ్ళీ కదపరు, తీసివేయరు. ఖాళీ గళ్ళలోకి ప్రతిపాదన వ్రాసి కొత్తవి చేర్చవచ్చు: 2008లో ౘ, ౙలు చేరాయి, 2021లో నకారపొల్లు చేరింది. ఈ వాక్యాలు మీ తెరమీద తెలుగులో కనబడుతున్నాయంటే సంఖ్యలు పంచే పుస్తకం ఒకటి చక్కగా నడుస్తున్నందువల్లనే. ఆ పుస్తకం ఉప్పు తిని, మరొక పుస్తకం ఎందుకని అడగడం న్యాయం కాదు.

నా శిష్యుడి దుకాణంలో జరిగినది కూడా చెబుతాను. ఒక బడివారు కంప్యూటరు తెచ్చి ఇచ్చారు. ఫీజుల లెక్క చూసే ప్రోగ్రాము తెరిస్తే గ్రంథాలయపు ప్రోగ్రాము తెరుచుకోదు. ఇది తెరిస్తే అది తెరుచుకోదు. రెండూ 8080 ద్వారం దగ్గరే కాపు వేశాయి. 8080 వెబ్ పుటలకు ప్రత్యామ్నాయ ద్వారంగా నమోదైనది. ఆ ప్రోగ్రాములు వ్రాసిన ఇద్దరూ తమకంటూ ఒక సంఖ్య అడిగి తీసుకోలేదు. పదిమంది పోయే ద్వారంలో ఇద్దరూ మంచం వేశారు. శిష్యుడు ఒకదాన్ని పక్కకు జరిపి ఇచ్చాడు. కానీ అంతవరకు రెండు రోజులు ఆ బడిలో ఒక్క రసీదు చేతితో వ్రాయకుండా పని నడవలేదు. పెద్ద సంస్థలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2021లో ఆపిల్ వారి మాంటెరీ కూర్పులో ఎయిర్‌ప్లే సేవ 5000 ద్వారం పట్టుకుంటే, ఫ్లాస్క్ వాడే ప్రోగ్రామర్లు తమ పనులు ఎందుకు నడవడం లేదో తెలియక తల పట్టుకున్నారు. వారికి అలవాటైన ద్వారమూ 5000. తమాషా ఏమంటే పుస్తకంలో ఆ సంఖ్య ఆ ఇద్దరిదీ కాదు. మూడో పేరున ఉంది.

రెండవ మాట నా మేనల్లుడిది, వాడి వంటి వ్యవహారజ్ఞులందరిదీ. "ఇష్టపడి ఇస్తున్నాం. ఖజానాకు రాబడి. ఎవరి నోటి కూడు తీశాం?" ఈ మాటలో బలం లేదనను. డబ్బున్నవాడి సరదా నుండి ప్రభుత్వానికి నాలుగు రాళ్ళు వస్తే మంచిదేగా అనిపిస్తుంది. కానీ బండికి ఫలకం ఎందుకు పెట్టారో ఆలోచించండి. రోడ్డు పక్కన జామపండ్లు అమ్ముకొనే ముసలమ్మ కూడా, గుద్దిపోయిన బండి ఇదీ అని చెప్పగలగాలని పెట్టారు. ఆ ఫలకం ముందు మిల్లు యజమానీ, ఆటో నడిపేవాడూ సమానం. దానికి ధర కట్టిన నాడు అది బండి ఏదో చెప్పడం మాని బండిలో ఎంతటివాడున్నాడో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు తొమ్మిదులు కనబడితే చేయి అడ్డం పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించే కానిస్టేబులును నేనూ చూశాను, మీరూ చూశారు. గుర్తుపట్టడానికి పెట్టిన సంఖ్య తప్పించుకోవడానికి పనికి వస్తోంది. నోటి కూడు ఎవరిది పోయిందంటే, ఆ జామపండ్ల ముసలమ్మది.

రాబడి మాటకు వద్దాం. బండి ఖరీదును బట్టి జీవితకాలపు పన్ను వసూలు చేసే పద్ధతి ఉండనే ఉంది. ఖరీదైన కారు కొన్నవాడి వద్ద ఇంకొంచెం తీసుకోదలిస్తే అక్కడ తీసుకోండి. దానికి ఎవరూ వేలెత్తి చూపరు. సంఖ్యను అమ్మనక్కరలేదు.

పైగా సంఖ్యలు పంచే విద్య మనకు రానిది కాదు. మా మూడు ఊళ్ళనే చూడండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లా ఏపీ 24. నా పాత స్కూటరు ఆ కాలపుదే. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ 05 వచ్చింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడితే దానికి 29 ఇచ్చారు. కోదాడ 29లోకి వచ్చింది, మిర్యాలగూడ 05లోనే ఉండిపోయింది. 2024 మార్చి నుండి టీఎస్ పోయి టీజీ అయింది. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ 2019లో జిల్లాకొక సంఖ్య మాని రాష్ట్రమంతటికీ ఒకే 39 తెచ్చారు. ఇన్ని మార్పులు జరిగినా నా స్కూటరు సంఖ్య నా స్కూటరుదే. ఇచ్చిన సంఖ్యను కదపకుండా కొత్తవాటికి కొత్త వరుస పెట్టారు. అయానా వారు చేసేదీ ఇదే. ఆ అయానా కూడా అమెరికా ప్రభుత్వపు ఒప్పందం నుండి విడివడింది 2016 అక్టోబరు 1న, మా జిల్లా పుట్టడానికి పది రోజుల ముందు. వరుస పెట్టడం వచ్చిన మనకు, ఆ వరుస నడుమ నుండి నాలుగు సంఖ్యలు తీసి సంతలో పెట్టవలసిన ఖర్మ ఏమిటి?

మూడవ మాట ఇంకా గట్టిది, ఎందుకంటే అది నా సొంత శాస్త్రాల పేరు చెప్పి నన్నే అడ్డుకుంటుంది. "సంఖ్యలో శుభాశుభాలున్నాయని మన పూర్వులే చెప్పారు గదా, పండితులు మీరే కాదంటే ఎట్లా?"

పండితుడిగానే కాదంటున్నాను. మన పూర్వులు సంఖ్యకు అర్థం చెప్పారు, నిజమే. ఎట్లా చెప్పారో చూడండి. కటపయాది అని ఒక లెక్క ఉంది. క, ట, ప, య అన్నవి ఒక్కొక్క వరుసకు మొదలు. క అంటే ఒకటి, ఖ అంటే రెండు, గ అంటే మూడు. య ఒకటి, ర రెండు. ఒక పేరులో మొదటి రెండక్షరాలకు అంకెలు కట్టి తిరగవేస్తే సంఖ్య వస్తుంది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలకు ఈ పద్ధతిలోనే పేర్లు పెట్టారు. శంకరాభరణం అంతకు ముందే ప్రసిద్ధమైన రాగం. దాని స్థానం 29. పేరులో 29 పలకదు. అందుకని ముందర 'ధీర' చేర్చారు: ధ తొమ్మిది, ర రెండు, తిరగవేస్తే 29. కల్యాణి స్థానం 65. 'మేచ' చేర్చి మేచకల్యాణి చేశారు. అంటే స్వరాల లెక్క ప్రకారం రాగానికి స్థానం, స్థానాన్ని బట్టి పేరు. శంకరాభరణం ఎంత గొప్పదైనా ఒకటో స్థానం దానికి రాలేదు. రసికుడైన జమీందారు వెయ్యి వరహాలు పోసినా కల్యాణిని 65 నుండి కదపలేడు. ఇదీ మన సంప్రదాయంలో సంఖ్యకున్న గౌరవం. వేలంపాట అందులో లేదు.

చెప్పుకొస్తే ఎంత ముచ్చటైన లెక్కో! 21 కీరవాణి, 22 ఖరహరప్రియ, 23 గౌరీమనోహరి. ఎఫ్‌టీపీ, టెల్నెట్‌ల నడుమ ఎస్‌ఎస్‌హెచ్ కూర్చున్నట్టే కీరవాణి, గౌరీమనోహరుల నడుమ ఖరహరప్రియ కూర్చుని ఉంది. మా సూర్యాపేట 29 ధీరశంకరాభరణం. మిర్యాలగూడ 05 మానవతి. ఇందులో శుభం వెదకడం లేదు, గుర్తుంచుకొనే సౌకర్యం చూస్తున్నాను. కటపయాది పుట్టిందే అందుకు.

తొమ్మిది రక్షిస్తుందనేవారికి మా ఊరి మీదుగా పోయే రహదారినే సాక్ష్యం పిలుస్తాను. హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడలను కలిపే ఆ రోడ్డు పాత లెక్కలో 9వ నంబరు జాతీయ రహదారి. 2010 కొత్త లెక్కలో 65 అయింది. అది తొమ్మిదిగా ఉన్ననాళ్ళూ ప్రమాదాలు జరిగాయి. 65 అయ్యాకా జరుగుతున్నాయి. సంఖ్య మారింది గాని తాగి నడిపేవాడు మారలేదు.

సంఖ్యలు పంచడం పండితుల పని కాదనే మిత్రులకూ ఒక మాట. పోస్టెల్ తన పత్రం వ్రాసిన 1972లోనే, ఆగస్టు 15న, మన దేశంలో పిన్ కోడు మొదలయింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్కర్ సంస్కృత కవి. సూర్యాపేటకు 508213, కోదాడకు 508206, మిర్యాలగూడకు 508207 అని ఉత్తరం మీద వ్రాసినప్పుడల్లా ఒక కవి కూర్చిన వరుసలో మన ఊరు నిలబడుతోంది. పిన్ కోడును ఇంతవరకు ఎవరూ వేలం వేయలేదు. మనకు చాతనయిన మంచి అది.

అయానా పుస్తకం దోషరహితమని నేననడం లేదు. రెండు కొరతలు చెబుతాను. మొదటిది, ముందు వచ్చినవారికి మొదటి పీట. చిన్న సంఖ్యలన్నీ మనం తలుపు తట్టకముందే నిండాయి. రోజుకొక సూక్తి వినిపించే సేవకు 17 ఇచ్చారు. నేడు దాని ముఖం చూసేవారు అరుదు, సంఖ్య మాత్రం దానిదే. రెండవది నాకు ఇంకా బాధ కలిగించేది. సంఖ్యతో పాటు సేవకు ఒక పేరు నమోదు చేయాలి. ఆ పేరు 15 అక్షరాలు మించరాదు, ఆంగ్లాక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేమీ ఉండరాదు. మన కుర్రవాడు ఒక తెలుగు సేవను తయారుచేసి 'లేఖావళి' అని నమోదు చేయబోతే తెలుగు లిపిలో తీసుకోరు. వెబ్ చిరునామాలలో తెలుగు లిపి '.భారత్' చేరినప్పుడు ఇక్కడ ఎందుకు చేరరాదు? యంత్రాలకు ఏకరూపత కావాలంటారు. ఒప్పుకుంటాను, యంత్రం కోసం ఆంగ్లాక్షరాల పేరు ఉండనివ్వండి. మనిషి కోసం పక్కన మరొక గడి తెరవండి అని అడుగుతున్నాను. ఈ కొరతలను కూడా మార్చుకొనే దారి బహిరంగంగానే ఉంది. నియమాలు వ్రాసే చర్చలు ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా వ్రాయవచ్చు. ఆంగ్లం చక్కగా వచ్చిన మన పిల్లలు వేలమంది ఉన్నారు. ఒక్కరు పూనుకోరా?

కనుక నేను అడిగేవి మూడు. ప్రోగ్రాములు వ్రాసే పిల్లలు సంఖ్య పట్టుకొనే ముందు ఆ పట్టిక ఒకసారి తెరిచి చూడండి. సేవ నలుగురికీ పనికివచ్చేదైతే దరఖాస్తు చేయండి, ఖర్చు లేదు. బండి సంఖ్యల విషయంలో ఉభయ తెలుగు రాష్ట్రాలూ వేలం మాని, వరుసలో వచ్చిన సంఖ్య వచ్చినవాడికి ఇవ్వండి. అంతవరకు కొనగలిగినవారైనా కొనకండి. మూడోది మాత్రం మన చేతిలోనే ఉంది.

మేనల్లుడు నా మాట విన్నాడా అని అడుగుతారేమో. వినలేదు. వేలంలో పాడి తొమ్మిది తెచ్చుకున్నాడు. ఎంతయిందో వాడు చెప్పలేదు, నేనడగలేదు. వారం తరువాత ఆ కారులోనే నన్ను సూర్యాపేట నుండి హైదరాబాదు తీసుకువెళ్ళాడు. కొర్లపహాడ్ టోలు గేటు వద్ద మా ముందర పశుగ్రాసం వేసుకున్న పాత డీసీఎం ఒకటి ఉంది, ఏపీ 24 ఫలకంతో. అది దాటేదాకా మేము ఆగాము. దానికి గేటు ఎంతసేపు పట్టిందో మాకూ అంతే పట్టింది. వాడు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, ఇంటికి వచ్చి ఈ టపా వ్రాస్తున్నాను గదా అని.

ఒక మనవి. 'పోర్టు'కు కొందరు 'రేవు' అంటున్నారు. రేవు ఓడలకు, ఇక్కడ తట్టి లోపలికి పోతున్నాం గాన 'ద్వారం' అని, 'ద్వారసంఖ్య' అని నేను వాడాను. ఇంతకన్నా మంచి మాట తట్టినవారు వ్యాఖ్యలో చెప్పండి. నా వాదంలో తప్పు చూపగలిగినవారు మొహమాటపడకుండా చూపండి. జవాబు వ్రాయడం నా పూచీ.